ఖాళీ గడిలో సిరా చుక్క

చంటిదాన్ని భుజాన వేసుకుని వచ్చిన ఆమె ఇచ్చిన కాగితాలు తిరగేసి, పింఛను ఆఫీసు ముసలి గుమాస్తా వేళ్ల మీద లెక్కేసుకున్నాడు.

“మీ ఆయన పోయి రెండేళ్లు. పాపకి నాలుగు నెలలు. లెక్క కుదరటం లేదు తల్లీ.”

“లోకమూ అదే లెక్క అడిగింది సార్. కేన్సర్ మందులు మొదలెట్టకముందే ఆయన వీర్యం తీసి ఆస్పత్రి ఫ్రీజర్లో దాచారు. పాప ఆయన బిడ్డే. డాక్టరు కాగితం కింద ఉంది.”

“చూశాను, కాదనటం లేదు. కానీ తను పోయాక కూడా బిడ్డను కనొచ్చని ఆయన ఒప్పుకుని ఉంటేనే పాపకి పింఛను. ఆస్పత్రి ఫారంలో దానికో గడి ఉంది. ఇదిగో, ఖాళీగా వదిలేశారు.”

“ఆయన వదల్లేదు సార్.”

“మరి?”

“పక్కన ‘నేను మరణిస్తే’ అని ఉంది. టిక్కు పెట్టబోయారు. తథాస్తు దేవతలుంటారు, వద్దని నేనే చెయ్యి పట్టుకుని లాగేశాను.”

గుమాస్తా కాగితాన్ని కళ్లజోడుకి దగ్గరగా పెట్టుకున్నాడు. గడిలో ఆవగింజంత సిరా చుక్క.

“కలం ఆనింది తల్లీ.”

“అయితే చెల్లుతుందా?”

“చుక్కని టిక్కు అనరమ్మా.”

“పోనీ ఆ కాగితం నాకిచ్చెయ్యండి. పాపకి వాళ్ల నాన్న పెట్టింది అదొక్కటే.”

“అసలు కాగితం ఫైల్లోనే ఉండాలి. జిరాక్స్ తీసిస్తాను.”

“జిరాక్స్‌లో ఆ చుక్క పడుతుందా సార్?”