స్లామెత్ కాళ్ళు

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరమ్మ రెత్నోవతి గారికి, ముందు వరుసలో అప్పుడే గడియారాలు చూసుకుంటున్న పెద్దలకు, విందుకి పేర్చిన పసుపన్నం గోపురాన్ని ఎప్పుడు కోస్తారా అని వెనక నిలబడి చూస్తున్న పిల్లలకు నమస్కారాలు. నిజానికి నా వీడ్కోలు సభకు ఈ నాలుగు మాటలు రాయకూడదనే అనుకున్నాను. లేచి, తలవంచి, కూర్చుంటే చాలదా అన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. “ఇంట్లో నోరు మూయవు, అక్కడ మూగవాడివైతే నేనే నిన్నేదో చేశాననుకుంటారు, రాయి” అంది. (నవ్వులు)

నేను బడిలో పెద్దగా చదివినవాణ్ణి కాను. ఈ సురబాయ కళాశాల వర్క్‌షాపులో లేత్ తిప్పడానికి చేరి, పిల్లలు పారేసిన పుస్తకాలు చదువుకుంటూ, వాళ్ళ రోబోలకు కాళ్ళు కోసిపెడుతూ ముసలివాణ్ణయ్యాను. ఏటేటా జరిగే పోటీలో ఆ రోబో ఆరు కాళ్ళమీద గోడల మధ్య దారి వెతుక్కుంటూ వెళ్ళి, ఏదో ఒక గదిలో వెలుగుతున్న కొవ్వొత్తిని కనిపెట్టి ఆర్పాలి. ఉఫ్ మంటే ఆరిపోయేదానికి ఏడాది చాకిరీ ఎందుకని మా ఆవిడ అడుగుతుంది. నేను ఇంకో కాలు కోయడానికి వెళ్ళిపోతాను.

పోటీ కాగానే పాతదాన్ని విప్పి, దాని మోటార్లు కొత్తదానికి బిగించడం మన వాడుక. పీతలా పక్కకే నడిచినది, కొవ్వొత్తిని వదిలేసి న్యాయనిర్ణేత సిగరెట్టు వెంట పడినది, అన్నీ నా చేతుల మీదుగా వెళ్ళినవే. అవి ఎక్కడున్నాయంటే, తరవాత వచ్చినవాటి కాళ్ళలో ఉన్నాయని చెప్పాలి. ఒక్క స్లామెత్ మాత్రం మిగిలాడు.

వాడికి మొదట ఆ పేరు కాదు. ఇదిగో, ముందు వరుసలో పొట్ట లోపలికి బిగబట్టి కూర్చున్న హర్యొనో (నవ్వులు) అప్పటి జట్టు నాయకుడు. లోకాలన్నీ గెలుస్తాడని జయబువన అని పెట్టాడు. ఆ లోకాలు గెలిచేవాడు బల్ల మీద నిలబెడితే చాలు, బోర్లా పడేవాడు. తీగలు మార్చారు, ప్రోగ్రాం మార్చారు, ఒకరినొకరు తిట్టుకున్నారు. కాంటీన్ నడిపే పెద్దావిడ, మేమంతా అమ్మా అన్నట్టు ‘బు’ అని పిలిచే తుమినా కాఫీలు తెచ్చి, వాడి వంక చూసి, “బిడ్డకి పేరు బరువైంది, మోయలేకపోతున్నాడు, మార్చండి” అంది. తరచూ జబ్బు పడే పిల్లలకు మన ఇళ్ళలో చేసేదే కదా. ఇంజనీరింగ్ పిల్లలు నవ్వారు. నవ్వుతూనే వరసగా కూర్చున్నారు. ఆవిడ ఎర్ర జావ, తెల్ల జావ కాచి తెచ్చింది, ప్రార్థన చేశాం, క్షేమంగా ఉండమని స్లామెత్ అని పేరు మార్చాం. మర్నాడు నడిచాడు. తుంటి దగ్గర మర తనే బిగించానని హర్యొనో ఈనాటికీ అంటాడు. నేను వాదించను.

పేరుతోనే చిక్కొచ్చింది. జావ తిని పేరు పెట్టినవాడి మీద స్క్రూడ్రైవర్ పెట్టడానికి ఏ జట్టుకూ చెయ్యి రాలేదు. తీసి, తుడిచి, మళ్ళీ అలమారలో పెట్టేవారు. నేనూ పొద్దున్నే వర్క్‌షాపు తలుపు తీయగానే ముందు వాడితోనే మాట్లాడేవాణ్ణి, ఎదురు చెప్పడు గనక.

వాణ్ణి గాజుపెట్టెలో పెట్టి నాకు కానుకగా ఇవ్వాలని డైరెక్టరమ్మ గారు నిర్ణయించినప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంట్లో కిటికీ పక్క చోటు ఖాళీ చేశాను. అంతలో ఈ ఏటి జట్టు నాయకురాలు నింగ్రుమ్ రోబోకి రెండు కాళ్ళ మోటార్లు కాలిపోయాయి. ఆ రకం ఇప్పుడు బజారులో లేదు. పోటీ వచ్చేవారమే. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా, నాలుగు కాళ్ళతో నడిపించాలని ప్రోగ్రాం తిరగరాస్తోంది.

“స్లామెత్‌వి సరిపోతాయి కదమ్మా?” అన్నాను.

నాన్నని పిలిచినట్టు నన్ను ‘పాక్’ అంటుంది ఆ పిల్ల. తల ఎత్తకుండానే చెప్పింది. “సరిపోతాయి పాక్. కానీ మీకిచ్చేవాణ్ణి నేనెలా విప్పను?”

“నాలుగు కాళ్ళతో నడుస్తుందా?”

“నడవదు. పాకుతుంది.”



ఆ పూట ఇంట్లో రావొన్ పులుసు చల్లారిపోయింది, నేను తినలేదు. రేపట్నించి పొద్దున్నే ఏ తలుపు తీయాలో, ఎవరితో మాట్లాడాలో నాకు తెలియదు. వాడుంటే బాగుండేది. చాలా బాగుండేది. ఈ మాట డైరెక్టరమ్మ గారి మర్యాద కోసం అంటున్నది కాదు.

కనుక అమ్మా, క్షమించండి, ఫొటో కోసం ఆ గాజుపెట్టె మీది గుడ్డ తీయకండి. లోపల ఏమీ లేదు. ఈ ఉదయం వాణ్ణి నేను పట్టుకున్నాను, నింగ్రుమ్ విప్పింది. కాళ్ళు ఆమెకు, మిగిలిన ఒళ్ళు విడిభాగాల పెట్టెకు. ఆ పిల్ల ఈ సభకు రాలేదు, పని చూసుకోమని నేనే రావద్దన్నాను.

నన్ను ఇన్నాళ్ళు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇందాక డైరెక్టరమ్మ గారు మాట్లాడుతుండగా వర్క్‌షాపు నుంచి చీటీ వచ్చింది. నింగ్రుమ్ రోబోకి ఆరు కాళ్ళూ కదిలాయట, మొదటి గదిలో మూలకు తగిలి ఆగిపోయిందట, చేత్తో తిప్పి మళ్ళీ నడిపిస్తున్నారట. సెలవు.