పచ్చ దారం

చంద్రవ్వ చనిపోయిన రోజు సాయంత్రం, సోలాపూర్‌లో బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లోని ఆమె ఇంట్లో ఇద్దరే మిగిలారు: ఆమె కూతురు, ఆమెతో కలిసి బీడీలు చుట్టిన పాత స్నేహితురాలు.

“చిన్నమ్మా, అమ్మ మళ్ల ఊరికెందుకు పోలే?”

“ఇగ దాచి ఏం లాభం బిడ్డా. సిరిసిల్ల దిక్కున్నప్పుడు మీ అమ్మ, నేను అడవిల అన్నల చీటీలు మోసినం. బీడీల పెట్టి చుట్టేది. ఆ బీడీకి పచ్చ దారం, మిగిలినయాటికి ఎర్రది.”

“మా అమ్మనా? బస్సు కండక్టర్‌కే భయపడేది!”

“అందుకే పోలీసులకు అనుమానం రాలే. ఒకసారి మీ అమ్మ చీటీ ఉన్న బీడీకి అలవాటుగ ఎర్ర దారం కట్టింది. ఆ బీడీ కట్టలల్ల కలిసి కార్ఖానాకు పోయింది.”

“ఏముండె ఆ చీటీల?”

“దళంల ఒక పిలగాడు చచ్చిపోయిండని, యాడ పూడ్చిండ్రో, వాళ్లమ్మకు రాసిండ్రు. చుట్టేటప్పుడు మేం సదివినం.”

“నోటితోనన్న చెప్పకపోయిండ్రా?”

“చెప్పనీకె పోయినం. మేం నోరు తెరవకముందే ‘మావోడు మంచిగున్నడా?’ అని అడిగింది. మీ అమ్మ ‘మంచిగున్నడు’ అన్నది. ఆ నెలలనే సోలాపూర్ వచ్చేసినం.”

“ఆ పిలగాని తల్లి ఉన్నదా ఇంకా?”

“ఉన్నది. రేషన్ కార్డుల కొడుకు పేరు తీయనియ్యదట.”

“పూడ్చిన జాగ యాదికున్నదా నీకు?”

“ఉన్నది. ఇప్పుడు నాకొక్కదానికే.”

కూతురు ఒక కాగితం, పెన్ను తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఆ తల్లికి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.