ప్రసూన గీయని చెయ్యి

అధ్యక్షులు గోవిందరావుగారికి, నాతోపాటు బడిలో సుద్దముక్కలు అరగదీసిన పెద్దలకు, ఈ హిందీ గడ్డ మీద మన రైల్వే కాలనీ తెలుగు బంధుమిత్రులందరికీ నమస్కారం. పొద్దుటినుంచీ మీరంతా పొగుడుతుంటే, ఆ జగన్నాథం మాస్టారెవరో నాకూ ఒకసారి చూడాలనిపించింది. (నవ్వులు) రిటైరవుతున్నానని శాలువా కప్పారు, దండ వేశారు, బాగానే ఉంది. సన్యాసిరావుగారైతే నేను ఏ పిల్లనీ నొప్పించి ఎరగనని మైకులో చెప్పేశారు. ఆ మాట విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. నొప్పించానండీ.

బడిలోకి డ్రాయింగు మాస్టారుగా రాకముందు పదేళ్లు నేను స్టేషన్ల పేరుబోర్డులు రాసిన పెయింటరునని పాతవాళ్లకు తెలుసు. పెచ్చులూడిన అక్షరం కనిపిస్తే పూరించకుండా కదలకూడదన్నది మా డ్యూటీ. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్లిచూపులనాడు కూడా పిల్లను చూడకుండా వాళ్ల గుమ్మానికి రాలిన రంగే చూశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అదిగో, తల ఊపుతోంది చూడండి. (నవ్వులు)

ఎనభై ఆరులో పదో తరగతి పిల్లల్ని బొమ్మలు గీయించడానికి రాయ్‌పూర్ మ్యూజియానికి తీసుకెళ్లాను. పొద్దుటి పాసింజరు, పులిహోర పొట్లాలు, తలకు రెండు పెన్సిళ్లు. రబ్బరు మాత్రం ఎవరూ తేకూడదని నా ఆజ్ఞ. అందరూ ఏనుగుల వెంట, సింహాల వెంట పడ్డారు. ప్రసూన ఒక్కతే, కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగిపోయిన ఒక అమ్మవారి రాతివిగ్రహం ముందు మూడు గంటలు కూర్చుని, విరిగినచోట రాతి గరుకుదనం కూడా వదలకుండా గీసింది. నేను వెనకనుంచి వచ్చి, "అమ్మవారిని అవిటిదాన్ని చేసి వదిలేస్తావేటమ్మా!" అని పెన్సిలు లాక్కుని, బోర్డు మీద అక్షరం దిద్దినట్టు నొక్కి నొక్కి నున్నటి చెయ్యి ఒకటి దించేశాను. పిల్ల "అచ్ఛా మాస్టారూ" అని పుస్తకం మూసేసింది.

ఆమె తండ్రి పైడిరాజు, యార్డులో బోగీలు తగిలిస్తూ కుడిచెయ్యి పోగొట్టుకుని అప్పటికి ఏడాది. ఆ సంగతి నాకు తెలుసండీ. తెలిసీ ఆ క్షణాన తట్టలేదు, అదీ నా సిగ్గు. ఆ వానాకాలమే కామెర్లొచ్చి ప్రసూన పోయింది.

మొన్న ఆదివారం పైడిరాజు ఆ పుస్తకం చంకన పెట్టుకుని మా క్వార్టరుకి వచ్చాడు. "మాస్టారూ, మీరు ఎల్పోతన్నారట గదా. 'నాన్నా, ఆ అమ్మోరికీ నీలాగే సెయ్యి నేదు, అయినా అందరూ దండాలెట్టుకుంతన్నారు, నీకు సూపిద్దామని గీసేను, మాస్టారు పాడు సేసేసేరు' అని ఆ రోజు పిల్ల ఒకటే ఏడుపు. ఆ సెయ్యి మీరెట్టిందే గదా బాబూ, మీరే సెరిపెయ్యండి" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

పిల్లలెవర్నీ రబ్బరు ముట్టుకోనివ్వని నేను సదర్ బజార్‌కి పోయి రబ్బరు కొనుక్కొచ్చాను. ఆమె గీతకు తగలకుండా మూడు రోజులు తుడిచాను. నలుపు పోయింది. నేను నొక్కిన గాడి మాత్రం కాగితంలో ఉండిపోయింది, వెలుతురులో పెడితే వేళ్లతో సహా కనిపిస్తోంది. పదేళ్లు పూరించడమే పనిగా బతికినవాణ్ణి, దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు.

పైడిరాజూ, లేవకు, అక్కడే కూర్చో, నేనే దిగి వస్తాను. ఇదిగో, నీ కూతురు గీసిన బొమ్మ. ఇంత ఆదరించిన మీ అందరికీ నా కృతజ్ఞతలు. ప్రసూనా, నువ్వు సరిగ్గానే గీశావమ్మా. సెలవు.