దవడ ఎముక మీద మచ్చ

స్కానింగ్ గది ముందు బల్ల మీద కూర్చున్న భర్త, డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన భార్య ముఖం చూడగానే అడిగాడు.

"నా చిగుళ్ళ క్యాన్సర్ ఎముకలోకి దిగిందటా?"

"స్కాన్‌లో ఎడమ దవడ ఎముక మీద నల్లమచ్చ కనిపిస్తోందట. దిగితే ఆ పక్క దవడ తీసేయాలట. ఈమధ్య అక్కడ పన్ను తీయించారా అనడిగారు. లేదన్నాను."

అతను తల దించుకున్నాడు.

"తీయించాను. పోయిన నెల. కంగారుపడతావని చెప్పలేదు."

"ఎడమవైపు కిందదేనా?"

"అదే. కోపం వచ్చిందా?"

"పన్ను తీసిన గుంటైనా అలాగే కనిపిస్తుందట! ఎమ్మారై కూడా తీసి తేలుస్తారట. పదండి, డాక్టరుకు చెబుదాం."

"నన్ను తిట్టవా?"

"తర్వాత తిడతాను. మీరు ఎదురు చెప్పడానికి ఆ దవడ ఉండాలిగా, ముందు లేవండి."