మూడో ట్యాంకు నురగ

"బాబాయ్, మూడో ట్యాంకులో నురగ ఆగిపోయింది. ఈస్ట్ మొత్తం చచ్చిపోయింది!"

"తెలుసమ్మా. అందుకే మిగతా ట్యాంకులకు గుజ్జు వెళ్లే వాల్వు కట్టేశాను."

రంపపు పొట్టును ఆమ్లంలో ఉడికించి, ఆ గుజ్జును ఈస్ట్‌తో పులియబెట్టి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ అది. ముసలి ఆపరేటర్ ముందు ల్యాబ్ అమ్మాయి రొప్పుతూ నిలబడింది. ఆమె చేరి మూడు నెలలే.

"అడక్కుండా కట్టేశారని మేనేజర్ మండిపడుతున్నాడు. ఈస్ట్ చావడానికీ మీరే కారణమట. ఇవాళే మిమ్మల్ని ఇంటికి పంపేస్తాడట!"

"పంపనీలే. ఇంట్లో మీ పిన్ని ఒక్కర్తే అరుస్తుంది, ఇక్కడ పదిమంది."

"నవ్వించకండి. ఎందుకు కట్టారో చెప్పరేం?"

ఆయన జేబులోంచి లిట్మస్ కాగితం తీశాడు. నీలం కాగితం ఎర్రబడి ఉంది.

"గుజ్జులో ఇంకా ఆమ్లం ఉంది. దాన్ని విరచడానికి కలిపిన సున్నం చాలలేదు."

"ఆమ్లం కొలిచే నా మీటరు సరిపోయిందనే చూపించిందే! అయ్యో... పొద్దున దాన్ని సరిచూడకుండానే రిజిస్టర్లో సంతకం పెట్టేశాను."

"మెల్లగా! కొత్త ఉద్యోగం నీది."

ఆయన ఇంతసేపూ అసలు కారణం ఎవరికీ చెప్పనిది తన కోసమేనని తెలిసి ఆమె చేతులు జోడించింది.

"ఈ మేలు ఈ జన్మలో మర్చిపోను బాబాయ్."

మెట్ల మీద మేనేజర్ బూట్ల చప్పుడు వినిపించింది. ఆయన వారిస్తున్నా ఆమె ఎదురెళ్లింది.

"సార్, మిగతా నాలుగు ట్యాంకుల్నీ కాపాడింది బాబాయ్. మూడోదాన్ని చంపింది నేను."