నతానియేలన్న తీసిన మాస్కు

ఏంట్రా కోటేషూ, ఏడాదికోసారి ఈ ఊపిరి పరీక్షలేంటని విసుక్కుంటున్నావంట? ఫైర్‌స్టేషన్లో చేరి నెల కాలేదు, అప్పుడే! కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి కాలు సరిగ్గా లేదు. ఆ పరీక్షలు ఊరికే రాలేదురా. నతానియేలన్న వల్ల వచ్చినయ్. నేను ఫైరింజను నడిపే రోజుల్లో ఆయన మా లీడింగ్ ఫైర్‌మన్. పర్చూరు మనిషి. గొంతంటే ఆయనదే! ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్నాడంటే రోడ్డున పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి నిలబడేవాళ్ళు. క్రిస్మస్‌కి నేనూ వెళ్ళేవాణ్ణి, పాట కోసం. సరే, వాళ్ళావిడ రెబెకమ్మ వండే కోడి పలావు కోసం కూడాలే. ఏం చెప్తున్నా? ఆఁ, మంట.

పెదకాకాని అవతల కోల్డ్ స్టోరేజీ అంటుకుంది. లోపలన్నీ మిర్చి బస్తాలే. మిర్చి తగలబడితే ఆ పొగ కళ్ళతో పోదురా, ఊపిరితిత్తుల్లో కారం కొట్టినట్టుంటది. వెంకటరావమ్మని, కూలికొచ్చినావిడ లోపల ఇరుక్కుపోయింది. అన్న గాలి సిలిండరు, మాస్కు తగిలించుకుని వెళ్ళాడు. ఆవిడ్ని భుజాన వేసుకొని వస్తుంటే చూద్దుము గదా, మాస్కు ఆవిడ మొహానికుంది! "మాబూ, బతికే ఉంది, చూడు" అని నాతో అన్నాడు, అక్కడే కూలబడ్డాడు.

ప్రాణం దక్కింది గానీ ఆ గొంతు పోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఉద్యోగం చెయ్యలేడు. నష్టపరిహారం అడిగితే పైవాళ్ళేమన్నారో తెలుసా? "మాస్కు తియ్యడం రూలుకి విరుద్ధమండీ, ఇది ఆయన కోరి తెచ్చుకున్న జబ్బు." అన్న మాత్రం "పోన్లే మాబూ, ఒక మనిషి బతికింది" అన్నాడు. రెబెకమ్మ ఊరుకుంటదా? "బతికిన మనిషినే తెచ్చి అడుగుతా" అని బస్సెక్కింది. అద్దంకి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, పత్తి తీస్తున్న వెంకటరావమ్మని పట్టుకొచ్చింది.

విచారణ నాడు మేమంతా గోడకానుకుని నిలబడ్డాం. వెంకటరావమ్మ గొంతు హాలంతా మోగిపోయింది. "అయ్యా, ఆయన రూలు చూసుకునుంటే నేనీడ ఉండేదాన్నా?" ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కూర్చోండమ్మా." "కూర్చోను. డ్యూటీ చేస్తా జబ్బుపడ్డాడని రాయండి, అప్పుడు కూర్చుంటా." ఇంతలో మా అంకయ్య, ఉద్యోగం పోద్దని ఆయాసం దాచుకునేవాడు, ముందుకొచ్చాడు. "అయ్యా, నాకూ ఉందండీ." వాడి వెనక ఇంకొకడు, ఇంకొకడు. ఆఫీసరు బిత్తరపోయాడు. రాశాడురా! పరిహారమూ వచ్చింది, ఆ తర్వాత మా అందరికీ పరీక్షలూ మొదలైనయ్. అంకయ్యకి ముందే మందులు పడ్డయ్, ఇవాళ్టికీ రాయిలా ఉన్నాడు.

అన్న ఆ తర్వాత చాన్నాళ్ళు బతికున్నాడు. పాడలేకపోయినా చర్చి పిల్లలకి చప్పట్లతో తాళం వేసి పాటలు నేర్పేవాడు. పోయిన రోజు ఆ పిల్లలే పాడారు. వెంకటరావమ్మ శవపెట్టె పక్కనే కూర్చుంది. ఏడవలా. పాట అయిందాకా వింటా కూర్చుంది, అయ్యాక రెబెకమ్మ చెయ్యి పట్టుకుని, "వదినా, ఆయనిచ్చిన ఊపిరే ఇంకా పీలుస్తన్నా" అంది. రెబెకమ్మ...

...

మబ్బు పట్టింది చూడు. మేడ మీద ఎండు మిరపకాయలున్నయ్, పద, ఎత్తుదాం.