ఫెర్నుకు పెట్టిన ఇంటిపేరు

జక్కుల సదయ్య కొడుక్కి పిల్లనిద్దామని కాసిపేట నుంచి పోశం వచ్చాడు. ఇల్లు చూశాడు, పిల్లవాణ్ని చూశాడు, ఇప్పుడు గోదావరిఖనిలో అన్వర్ హోటల్ బల్ల మీద సదయ్య పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సంబంధం నచ్చిందో లేదో ఆ మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు. బొగ్గుబాయిలో పంపు నడిపే సదయ్య ఆ మొహంకేసే చూస్తున్నాడు. కోతలు కొయ్యొద్దని భార్య సారక్క మరీ మరీ చెప్పి పంపింది గానీ, సదయ్య నోరు ఎవరి మాట విన్నది గనక?

"బాయిల నా పంపు కాడ బల్బుంటది పోశమన్నా, దాని కింద ఓ ఫెర్ను మొక్క మొలిచింది. బెత్తెడంత."

"బొగ్గుబాయి లోపలనా?"

"మరి! ఎండ లేదు, ఎరువు లేదు. బల్బు వెలుతురు, ఊట నీళ్లు, నా చెయ్యి. గంతే. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? వారం తిరిగేసరికి నా ఎత్తయింది. నెలకు కప్పు తాకింది. బాయి కప్పు కూలకుండ దుంగలు పెట్టుడే బంజేసిన్రు, దాని కాడలే మోస్తున్నయి!"

"మా తమ్ముడు ఇస్హాక్ గదే బాయిల చేస్తడు, ఎన్నడు చెప్పలేదే?" అన్నాడు అన్వర్.

"ఇస్హాక్‌ది సెకండ్ షిఫ్టు. అప్పటికి అది ముడుసుకుంటది."

పోశం గ్లాసు కింద పెట్టి ఇటు తిరిగాడు. సదయ్యకు ఊపొచ్చింది.

"పట్నం నుంచి మొక్కల చదువు సార్లు దిగిన్రు. అడవులల్ల, లంకలల్ల ఉన్న ఫెర్నులన్నిటితోని కలిపి చూసిన్రు. దేనితోని కలువలే. మొక్కలకు గూడ మనలెక్క వంశం, ఇంటిపేరు ఉంటయట. దీనికేం పెట్టాలె? 'నీ ఇంటిపేరేంది సదయ్యా?' అన్నరు. జక్కుల అన్న. 'జక్కులెన్సిస్' అని రాసుకపోయిన్రు! ఇయ్యాల లండన్ల గూడ అది మా ఇంటి పిల్లనే."

"పువ్వెట్లుంటది?" అన్నాడు పోశం మెల్లగా.

"గదే గొప్ప! ఫెర్నులకు పువ్వుండది, కాయుండది, గింజుండది. మా ఇంటిపేరున్నదానికైతే అసలే ఉండది!"

పోశం తువ్వాల భుజానేసుకుని లేచాడు.

"నాకొక్కతే బిడ్డ సదయ్యన్నా. మనుమలను ఎత్తుకుందామని ఆశ. పువ్వు లేని, కాయ లేని వంశంల పిల్లనెట్లియ్యాలె?"

పుట్టి బుద్ధెరిగి ఒక్క కోత కూడా వెనక్కి తీసుకోని సదయ్య ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఆగన్నా! ఇంటిపేరు మాది గాదు! సార్లు రాలే! కప్పు తాకలే! బెత్తెడు గూడ గాదు, రెండాకులు!"

"మొలిచిందన్నదైనా నిజమేనా?"

"మా అవ్వ తోడు, మొలిచింది."

పోశం పకపకా నవ్వి మళ్లీ కూర్చున్నాడు.

"అన్వర్ భాయ్, ఇంకో రెండు చాయ్ పొయ్యి. మా బావ ఇప్పుడే నిజం చెప్పుడు షురూ చేసిండు."